ఐసు మీదా చల్లారని మా అత్త

మా అత్త శ్రీవాణి ఐసు మీద పరుగు పందేలు ఆడుతుంది. ఆళ్లగడ్డలో ఈ మాట చెబితే జనం ముందు నవ్వుతారు, తర్వాత అనుమానంగా చూస్తారు. మా ఊళ్ళో ఐసు అంటే సోడా అంగడికి గోనెపట్టాలో చుట్టుకొని వచ్చే దిమ్మె. దాని మీద మనిషి నిలబడేది ఎట్లా, నిలబడినా పరుగెత్తేది ఎందుకు అని అడుగుతారు. ఎట్లా అన్నది నాకు సరిగ్గా తెలియదు. ఎందుకు అన్నదానికి మాత్రం నా దగ్గర జవాబుంది. కుళ్ళుతో.

ఆమె కాళ్ళల్లో బలం ఎంతో నేను కొలవలేదు. కడుపులో కుళ్ళు మాత్రం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. నేను పుట్టినప్పుడు కూడా, ఇంట్లో అందరూ నన్నే ఎత్తుకుంటున్నారని రెండు రోజులు అన్నం తినలేదట. ఈ మాటలన్నీ ఆమె ముందే అంటాను. నెత్తి మీద మొట్టికాయ వేస్తుంది గానీ కాదని మాత్రం అనదు.

ఆ కుళ్ళు ఆమెకు మా జేజి నుంచి వచ్చింది. జేజి అంటే మా నాయనకూ అత్తకూ తల్లి, పేరు రామమ్మ. జేజి వాళ్ళక్కను నంద్యాలలో ఇచ్చారు. ఆ అక్క కూతురు సుష్మ, మా అత్త ఈడుదే. ఒక వేసవిలో అత్త సెలవులకు నంద్యాల పోయేసరికి సుష్మ కాళ్ళకు ఎర్ర బూట్లు, వాటి కింద చక్రాలు. సుష్మ వాటితో వసారాలో మూడు అడుగులు వేసి గోడ పట్టుకునేది, అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. మా అత్తకు మాత్రం ఒక్కసారి తొడుక్కోవడానికి కూడా ఇవ్వలేదు.

మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ నిద్రపోయాక అత్త ఆ బూట్లు తొడుక్కొని వసారాలోకి పోయింది. అక్కడ ఒకటే స్తంభం. ఎడమ చేత్తో దాన్ని పట్టుకొని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. సెలవులు అయిపోయేదాకా రోజూ అదే పని. చివరికి స్తంభానికి నడుమెత్తున సున్నం రాలిపోయి ఒక పట్టీ పడింది, అత్త అరచెయ్యి తెల్లగా అయింది. అట్లా దొరికిపోయింది. సుష్మ ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది.

ఆళ్లగడ్డకు వచ్చాక జేజి కూతుర్ని కొడుతుందని అందరూ అనుకున్నారు. జేజి కొట్టలేదు. జేజి మొగుడు, అంటే మా అబ్బ రంగయ్య, పొలం నుంచి వచ్చేదాకా ఆగి, ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే పక్కన నిలబడింది. "మా అక్క కూతురు చక్రాల మీద తిరుగుతాంటే నా కూతురు మట్టిలో నడవాల్నా?" అని అడిగింది. అబ్బ శనగలు అమ్మిన తర్వాత చూద్దామన్నాడు. శనగలు అమ్మేదాకా జేజి ఆయనకు పెట్టిన పప్పులో ఉప్పు తక్కువే.

చక్రాల బూట్లు వచ్చాయి. అత్తను చదువు పేరుతో నంద్యాలలో ఆ పెద్దమ్మ ఇంట్లోనే పెట్టారు. అక్కడ చెన్నకేశవులు సార్ అని ఒక డ్రిల్లు సారు, బడి గ్రౌండులో సిమెంటు చదును చేయించి పిల్లలకు స్కేటింగు నేర్పేవాడు. సుష్మా, అత్తా ఇద్దరూ చేరారు. కొన్నాళ్ళకు సుష్మ కాలు నొప్పని మానేసింది. ఆ రోజు మా అత్త గెలిచినట్టు నవ్వాలి కదా. నవ్వలేదు, దిగులుపడింది. ఇంక ఎవరి మీద కుళ్ళుకోవాలో తెలియక అట్లా అయిందని నా లెక్క. తర్వాత కర్నూలు పిల్ల ఒకతె దొరికింది, ఆమెను దాటాక విశాఖపట్నం పిల్ల దొరికింది. ఒక్కొక్కరి మీద ఏడ్చుకుంటూ ఒక్కొక్కరినీ దాటింది. ఇంట్లో గోడకు పతకాలు వేలాడాయి. జేజి వాటిని నంద్యాల అక్క వచ్చినప్పుడు మాత్రమే తుడిచేది.

ఒకసారి సారు పిల్లలను డెహ్రాడూన్ తీసుకుపోయి ఐసు మీద నిలబెట్టాడు. ఆ ఆటలో నలుగురైదుగురు ఒకేసారి బయలుదేరతారు. చిన్న గుండ్రటి దారి, అన్నీ ఎడమ మలుపులే. ఎవరు ముందు చేరితే వాళ్ళదే గెలుపు. అడ్డమొచ్చినా, తోసినా ఆట నుంచి తీసేస్తారు. మొదటి రోజు అందరూ పడ్డారు, మా అత్త కూడా పడింది. కానీ మలుపు వచ్చేసరికి మాత్రం పడలేదు. స్తంభం లేకపోయినా ఎడమకు ఒరిగి, చెయ్యి ఐసుకు ఆనించి తిరిగింది. సారు అక్కడే తీర్మానించాడు, ఈ పిల్ల చక్రాలు విప్పాలి అని.

చక్రాలు పోయి బూట్ల కింద పొడుగాటి ఇనుప బ్లేడ్లు వచ్చాయి. జేజి వాటిని మొదటిసారి చూసి, కత్తిపీటలు కాళ్ళకు కట్టుకొని పరుగెత్తే ఆటలో నా కూతుర్ని ఎట్లా చేర్చినావని సారును నిలదీసింది. నంద్యాల అక్క కూతుళ్ళెవరూ ఈ ఆట ఆడటం లేదని సారు చెప్పాక ఊరుకుంది.

ఐసు మీద మా రాష్ట్రంలో అత్తే మొదటిది. దేశం పోటీల్లో మాత్రం ఎప్పుడూ నాలుగోది. మూడో స్థానం దాకా పతకం ఇస్తారు, నాలుగుకు ఇవ్వరు. ఏటా పోయేది, ఏటా నాలుగో స్థానంతో తిరిగొచ్చేది. వచ్చి, సిమ్లా పిల్లలకు చలికాలంలో ఇంటి పక్కనే ఐసు కడుతుందని కుళ్ళుకునేది. ఎండను చూసి ఏడ్చేవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు, పక్కోళ్ళ చలిని చూసి ఏడ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఈలోగా డిగ్రీ అయింది, నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు టీచరు ఉద్యోగం వచ్చింది, మోకాలు నొప్పీ వచ్చింది. పోయిన ఏడు ఉగాదికి ఇంటికి వచ్చినప్పుడు అందరి ముందూ చెప్పింది: "ఈ తూరి పతకం రాకపోతే ఇంక ఐసు తొక్కను." ఆ మాట చెప్పి మోకాలికి కాపడం పెట్టుకుంటూ గోడకేసి తిరిగి కూర్చుంది.

ఆ మాటకు కారణం మోకాలు కాదు. కల్పన.

కల్పన వాళ్ళది రుద్రవరం అవతల, నల్లమల అంచున ఒక గూడెం. వాళ్ళ నాయన అంకన్న ఎండాకాలం అడవిలో మంటలు ఆర్పే పనికి పోతాడు, వానాకాలం తన జొన్న చేను చూసుకుంటాడు. కల్పన చిన్నప్పటి నుంచీ నంద్యాల హాస్టల్లోనే పెరిగింది. గ్రౌండు గోడ మీద కూర్చొని స్కేటింగు చూస్తుంటే, దానికి తన పాత బూట్లిచ్చి దింపింది మా అత్తే. పడితే లేపిందీ, మలుపులో చెయ్యి ఎక్కడ ఆనించాలో చూపిందీ మా అత్తే. ఆ పిల్ల నేర్చుకున్నన్నాళ్ళూ అత్త ఊరంతా చెప్పుకుంది. ఆ పిల్ల తనతో సమానంగా వచ్చిన రోజు నుంచి చెప్పడం మానేసింది. దాటిపోయిన రోజు నుంచి దాని పేరు కూడా పలకలేదు, "అది" అనేది.

అది ఎక్కువ తింటుందని చెప్పింది. రైల్లో గురక పెడుతుందని చెప్పింది. అడవిలో పుట్టింది కాబట్టి దానికి పుట్టుకతోనే వచ్చిందని సారుతో అంటే, పక్కనే ఉన్న కల్పన విన్నది. "అడవిలో ఐసు యాడుండాది అక్కా? నువ్వే గదా నేర్పింది" అంది. మా అత్తకు ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. నేర్పింది తనే అని గుర్తు చేస్తే ఎవరి మీద ఏడవాలి?

దసరాకు అత్త ఆళ్లగడ్డ వస్తూ కల్పనను కూడా తీసుకొచ్చింది. పండగ మర్నాడే ఇద్దరూ పోటీలకు డెహ్రాడూన్ పోవాలి, సారు వెంట తీసుకు రమ్మన్నాడు. అందుకే తెచ్చింది, ప్రేమతో కాదు. జేజి ఆ పిల్లను ఎగాదిగా చూసింది. అన్నం మాత్రం కొసరి కొసరి వడ్డించింది. కుళ్ళు వేరు, అన్నం వేరు మా జేజికి.

ఆయుధపూజకు మా ఇంట్లో ట్రాక్టరు నుంచి కొడవలి దాకా అన్నీ కడిగి వరసగా పెడతారు. అత్త బ్లేడ్ల బూట్లూ, కల్పన బూట్లూ కూడా ఆ వరసలో పెట్టి వాళ్ళిద్దరూ స్నానానికి పోయారు. జేజి వచ్చి చూసింది. కల్పన బూట్లు తీసి బయట అరుగు మీద విత్తనాల మూట పక్కన పెట్టింది. తర్వాత అత్త బ్లేడ్లకు గంధం రాసింది, కుంకుమ పెట్టింది, ట్రాక్టరుకు కూడా కోయనంత పెద్ద నిమ్మకాయ కోసి రెండు బ్లేడ్ల పొడవునా బాగా పులిమింది. ఆ పిల్ల దిష్టంతా దీంతో పోవాలని పైకే అనుకుంది, నేను విన్నాను. పూజయ్యాక, పదును ఎవరికీ తగలకుండా ప్లాస్టిక్ తొడుగులు బిగించి, బూట్లను సంచీలో అడుగున పెట్టి జిప్పు లాగింది.

బ్లేడ్లను తుడిచి, ఆరబెట్టి, మెత్తటి గుడ్డ తొడుగులో పెట్టాలి. తడి మీద ప్లాస్టిక్ తొడుగు బిగిస్తే ఇనుము ఊరుకోదు. ఇక్కడ ఉన్నది ఉత్త తడి కూడా కాదు, నిమ్మరసం. కొడవలికైతే జేజి మర్నాడు చేలోకి పోయి గడ్డి కోసేస్తుంది, తుప్పు పట్టే తీరిక ఉండదు. ఇవి రెండు రైళ్ళు మారి దేశం ఆ చివరికి పోయాయి.

డెహ్రాడూన్‌లో అత్త తొడుగులు విప్పేసరికి బ్లేడ్ల అంచు పొడవునా ఎర్రటి తుప్పు, మధ్యలో చిన్న చిన్న గుంటలు. పక్క బల్ల మీద కల్పన బ్లేడ్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. సంచులు రెండూ రైల్లో ఒకే బెర్తు కింద ఉన్నాయి. మా అత్తకు ఇంక సాక్ష్యం అక్కర్లేకపోయింది. జట్టులో మిగతా ఇద్దరు పిల్లలూ, సారూ చూస్తుండగా కల్పన మీదకు పోయింది.

"నా బ్లేడ్లకు ఏం పూసినావు?"

కల్పన ఏమీ పూయలేదంది. అత్త నమ్మలేదు. నేను ఇచ్చిన బూట్లతో నడక నేర్చుకొని నా కాళ్ళే నరుకుతాండావని నోటికొచ్చినట్టు అంది. సారు మధ్యలోకి వచ్చి, ముందు ఇంటికి ఫోను చేసి బ్లేడ్లు బయలుదేరేటప్పుడు ఎట్లా ఉన్నాయో అడగమన్నాడు. అత్త వీడియో కాల్ చేసింది. ఫోను నేనే ఎత్తి జేజికి ఇచ్చాను. కూతురు ముఖం కనబడగానే జేజి సంతోషంగా మొదలుపెట్టింది.

"నిమ్మకాయ పని చేస్తాందా పాపా? బాగా పులిమి పంపించినా, దాని కన్ను తగలకుండా. దానివి బయట అరుగు మీద పెట్టేసినా, పూజ తాకనీలే."

ఫోను స్పీకరులో ఉంది. అక్కడ అందరూ విన్నారు. ఫోనులో మా అత్త ముఖం పక్కకు తిరిగింది, తర్వాత పైకప్పు కనబడింది, తర్వాత కాల్ తెగిపోయింది. ఏమైందని జేజి నన్ను అడిగింది. సిగ్నల్ లేదన్నాను.

ఆ తర్వాత జరిగింది అత్తా చెప్పింది, కల్పనా చెప్పింది. ఈ ఒక్క చోట మాత్రం ఇద్దరి మాటలూ కలిశాయి. అత్త బ్లేడ్లను ఇనుప చట్రంలో బిగించి, సానరాయితో రుద్దడం మొదలుపెట్టింది. కల్పన వచ్చి రెండో రాయి తీసుకొని ఎదురుగా కూర్చుంది. అత్త వద్దనలేదు. ఆఖరికి కల్పన రుద్దుతూనే అంది.

"స్నానం చేసి వచ్చేసరికి నా బూట్లు బయట పెట్టింది నేను చూసినా అక్కా. అరుగు మీద నుంచి లోపలికి చూస్తాంటే అవ్వ నీ బ్లేడ్లకు నిమ్మకాయ పూస్తాండాది. నాకు ఎంత కుళ్ళు పుట్టిందో నీకు తెలీదు. నా వాటికి ఒక బొట్టన్నా పెట్టుంటే ఏమైతాండె అనుకున్నా. అందుకే నువ్వు అడిగినా అవ్వ పేరు చెప్పబుద్ధి కాలే."

అత్త సంచీలోంచి జేజి పండగకు చేసి కట్టిచ్చిన తీపి ఓళిగల డబ్బా తీసి, మూత విప్పి, దాని ముందుకు జరిపింది. తప్పైందని చెప్పడం మా అత్తకు అంతవరకే వచ్చు.

గుంటలు పడిన అంచు సానతో పూర్తిగా పోలేదు. ఒంటరి పందెంలో రెండో చుట్టులోనే మలుపు దగ్గర బ్లేడు జారింది, అత్త పోయి చుట్టూ గోడకు కట్టిన మెత్తటి దిండ్లలో పడింది. అదే రోజు సాయంత్రం కల్పన వెయ్యి మీటర్ల పందెంలో మూడోదిగా వచ్చింది. మొన్న చేరిన పిల్లకు మెడలో కంచు పతకం. ఇన్నేళ్ళు ఆడిన మా అత్తకు మెడలో తువ్వాలు. ఆ పతకాన్ని ఫోటోలు తీస్తుంటే అత్త నీళ్ళ సీసా మూత విప్పుతూ, బిగిస్తూ నిలబడిందట. పళ్ళు కొరికానని తనే చెప్పింది.

మిగిలింది ఒక్క రిలే. రిలేలో ఒకరు అలసిపోతే, ముందు వంగి కూర్చున్న తోటిదాని నడుము మీద రెండు చేతులూ వేసి తోసెయ్యాలి. తోసేవాళ్ళ వేగమంతా తోయించుకున్నవాళ్ళకు పోతుంది, తోసినవాళ్ళు అక్కడే ఆగిపోతారు. చివరి రెండు చుట్లూ మాత్రం ఒక్కరే కొట్టాలి, గీత దాటేది వాళ్ళే. ఇన్నేళ్ళూ ఆ చివరి చుట్లు మా అత్తవి. ఈసారి సారు అత్తను పక్కకు పిలిచి, కల్పన ముగిస్తుంది, నువ్వు తోయాలని చెప్పాడు.

"దాన్ని నేను తోయాల్నా?" అంది అత్త.

"నువ్వు తోస్తేనే నీకు పతకం" అన్నాడు సారు. ఆమెకు ఎక్కడ నొక్కాలో ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆ రోజు ఆళ్లగడ్డలో నేనూ జేజీ ఫోనులో ఆట చూస్తూ కూర్చున్నాం. అబ్బ కూడా చేను నుంచి తొందరగా వచ్చాడు. నాలుగు జట్లు. మావాళ్ళు మళ్ళీ నాలుగు. ప్రతి చుట్టుకూ జేజి ఫోనును ఎడమకు వంచుతోంది, అట్లా వంచితే కూతురు తొందరగా తిరుగుతుందని. చివరి మార్పు దగ్గరికి అత్త వచ్చింది. ముందు కల్పన వంగి జారుతోంది. అత్త రెండు చేతులూ చాచింది. అంతే, బొమ్మ నిలిచిపోయి, మధ్యలో తెల్లటి చక్రం తిరగడం మొదలైంది. జేజి ఫోనును చీరకొంగుతో తుడిచింది, అయినా అది తిరుగుతూనే ఉంది. మళ్ళీ బొమ్మ కదిలేసరికి పందెం అయిపోయింది. ఐసు మీద ఇద్దరు ఆడపిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. కొట్టుకుంటున్నారేమో అని జేజి భయపడింది. కొట్టుకోవడం కాదని, కావిలించుకోవడమని నేను చెప్పాను. రెండిటికీ పెద్ద తేడా కనబడలేదు అన్నాడు అబ్బ.

కల్పన చివరి మలుపులో లోపలి వైపు నుంచి దూరి ఒక పిల్లను దాటింది. మావాళ్ళు మూడోవాళ్ళు. నలుగురికీ నాలుగు పతకాలు.

మర్నాడు జిల్లా పేపర్లో బొమ్మ పడింది. కల్పన దూసుకుపోతోంది, వెనక దాని నడుము మీద రెండు చేతులు మాత్రం ఉన్నాయి. చేతుల వెనక మనిషిని కత్తిరించేశారు. జేజి ఆ పేపరు పట్టుకొని బజారంతా తిరిగి, ఆ చేతులు మా పాపవని చూపించింది.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు నేనూ జేజీ నంద్యాల పోయాం. బడి గ్రౌండు వెనక అత్త అద్దెకున్న గదిలో అందరం చేరాం. అత్త పేపరు చూసి, నా ముఖం ఏమైందని పేపరు వాళ్ళను తిట్టింది. జేజి కల్పన పక్కన కూర్చొని, దాని పళ్ళెంలో పప్పు మీద నెయ్యి పోసింది. మాట్లాడలేదు గానీ చాలా పోసింది. నేను అత్తను అడిగాను, తోసేటప్పుడు మనసులో ఏమనుకున్నావు, నిజం చెప్పు అని.

"ఒక చెయ్యి, ఇది పడితే బాగుండు అనుకున్నెది" అంది అత్త. "ఇంకో చెయ్యి, పడగూడదు అనుకున్నెది."

కల్పన నములుతూ ఆలోచించింది. "పడగూడదు అన్నెది కుడి చెయ్యి గదా అక్కా? ఆ పక్క తోపు గట్టిగా తగిలింది. దాంతోనే మలుపు లోపలికి దిగినా."

అత్త కల్పన మెడ వైపు చూసింది. దానికి రెండు పతకాలు, ఒంటరి పందెంలోది ఒకటి, రిలేలోది ఒకటి. అవి నెయ్యి అంటకుండా ఎడమ చేత్తో పక్కకు పట్టుకొని తింటోంది. అత్త మెడలో ఒకటే ఉంది. ఎన్నేళ్ళుగానో ఏడ్చి సంపాదించిన ఆ ఒక్కదాన్ని అత్త పొద్దున్నుంచీ తియ్యలేదు, ఇప్పుడు మాత్రం దాన్ని చూడటం లేదు.

మోకాలు సంగతి ఏమి చేస్తావే, పతకం వచ్చింది గదా, ఇంక ఇంటికి రా అని జేజి అడిగింది. అత్త విననట్టే ఉంది.

"రేపు పొద్దున గ్రౌండుకు పోతాండావా?" అని కల్పనను అడిగింది.

"పోతాండా అక్కా."

"నేను వచ్చేదాకా బూట్లు కట్టుకోగాకు."